10 మీటర్ల ఎయిర్ పిస్టల్ – పాఠం 4: కాలికి ఏ షూ?

గత పాఠంలో పాదాలు ఎంత ఎడంగా పెట్టాలో, బరువు ఎక్కడ పడాలో చూశాం. ఆ నిలకడ గంటన్నర సేపు చెక్కుచెదరకుండా ఉండాలి. సైటింగుతో (గురి సరిచూసుకోవడానికి కొట్టే, లెక్కలోకి రాని షాట్లు) కలిపి సిద్ధమవడానికి 15 నిమిషాలు, 60 షాట్లకు 75 నిమిషాలు. పిస్టల్ గొట్టం ఒక డిగ్రీలో పదో వంతు పక్కకు తిరిగితే చాలు, 10 మీటర్ల దూరంలో పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ గుండు) 17 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. నట్టనడుమ పడాల్సింది ఎనిమిది పాయింట్ల వలయంలో పడుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా రన్నింగ్ షూతో రేంజికి వస్తారు. పరుగుకు అది మంచిదే, మనకు పనికిరాదు. మందపాటి ఫోమ్ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అణుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి చీలమండ కండరాలు ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి. దానికి తోడు మడమ ఎత్తుగా ఉండి ఒళ్లు ముందుకు తూలుతుంది, మునివేళ్ల దగ్గర సోలు పైకి లేచి ఉండడంతో అక్కడ ఆనిక దొరకదు. నలభయ్యో షాటుకు పిక్కలు వణుకుతాయి. తప్పు మాత్రం ట్రిగ్గర్ మీదికి నెట్టేస్తాం!

అలాగని పలచటి కాన్వాస్ షూ కూడా వద్దు. సోలు చదునుగానే ఉంటుంది కానీ మడమను పట్టి ఉంచేది ఏదీ ఉండదు, అరికాలు నొప్పి పుడుతుంది. పిస్టల్ కోసమే చేసిన షూ కొనగలిగితే సరే. లేకపోతే ఇండోర్ బ్యాడ్మింటన్ షూలలో చదునైనవి, మడమ దగ్గర గట్టిగా ఉన్నవి వెతకండి. బరువులెత్తేవాళ్ల షూ జోలికి వెళ్లకండి, వాటి మడమ కావాలనే ఎత్తుగా చేస్తారు.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నియమం కూడా గుర్తుంచుకోవాలి. పిస్టల్ షూ చీలమండ ఎముకను కప్పకూడదు. సోలు చదునుగా ఉండాలి, పాదం ముందుభాగమంతా వంగాలి. లోపల వేసే ఇన్‌సోల్ కూడా వంగేదే అయి ఉండాలి. చీలమండకు పట్టు దొరుకుతుందని హై టాప్ షూ కొంటే మ్యాచికి ముందు సామగ్రి తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గరే ఆగిపోతారు.

షాపుకు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మ్యాచిలో వేసుకునే సాక్సులే తొడుక్కోండి. షూను గాజు బల్ల మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కండి. కుర్చీ కాలు పొట్టయినట్టు ఊగితే పక్కన పెట్టేయండి. మునివేళ్ల కింద కాగితం సులువుగా దూరిందంటే సోలు పైకి లేచి ఉన్నట్టే. తర్వాత మడమను ఒక చేత్తో, ముందుభాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని తడిగుడ్డలా పిండండి. మెలి తిరగకూడదు, వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రం వంగాలి. వేసుకున్నాక పొడవాటి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ సమానంగా ఉండవు కాబట్టి పెద్దదాన్ని బట్టి సైజు తీసుకోండి. కార్పెట్ మీద కాదు, టైల్స్ మీద పది నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి.

లేసులు చాలామంది అంతటా ఒకే బిగువుగా లాగేస్తారు. పాదం మీద నరం నొక్కుకుపోయి సగం మ్యాచిలోనే తిమ్మిరెక్కుతుంది. కింది రంధ్రాల దగ్గర వదులుగా ఉంచి, పైన చివరి రెండింటి దగ్గరే బిగించండి. మడమ పైకి జారకపోతే సరిపోయినట్టే. సైటింగ్ అయ్యేలోపు ఒకసారి విప్పి మళ్లీ కట్టుకోండి, పాదం ఉబ్బితే అప్పటికి తెలిసిపోతుంది.

ఆ షూతో రోడ్డు మీద నడవకండి. మడమ బయటి అంచు అరిగితే ఆ కాలు అటే ఒరుగుతుంది. చెప్పులతో రేంజికి వెళ్లి అక్కడ మార్చుకోండి.

ఈ వారం సాధన: కొత్త షూతో రోజూ 20 నిమిషాలు డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన). మధ్యలో ఒకసారి పిస్టల్ కింద పెట్టి, కళ్లు మూసుకుని 30 సెకన్లు నిలబడండి. బరువు వేళ్ల మీదికి పోతోందా, మడమ మీదికా, పక్కకా అని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ పేజీ పాఠం 5లో పనికొస్తుంది.