ల్యాప్‌టాప్ బ్యాటరీ తెలుసుకుందాం – 3వ పాఠం: స్టికరు చదవడం

పోయిన పాఠంలో అడుగు మూత తీసి, బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ బ్యాటరీ ఏ రకమో తేల్చుకుందాం. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొత్తది కొనబోయే ముందు ఈ పాఠం తప్పకుండా రావాలి. మోడల్ పేరొక్కటే చెబితే సరిపోదు. ఒకే మోడల్‌కి రెండు మూడు రకాల బ్యాటరీలు వచ్చి ఉండొచ్చు.

ముందు ఆకారం చూడండి. లావుగా, ఒక అంచు గుండ్రంగా ఉండే పాత తరహా బ్యాటరీలో సాధారణంగా 18650 సెల్స్ ఉంటాయి. 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉన్న ఉక్కు గొట్టాలవి. పలచగా, వెడల్పుగా ఉంటే లోపలున్నవి పౌచ్ సెల్స్. వీటినే లిథియం పాలిమర్ అంటారు. ఇవీ లిథియం అయాన్ కుటుంబంలోవే. ఉక్కు గొట్టానికి బదులు అల్యూమినియం పొర ఉన్న సంచి వాడతారు. లోపల గ్యాస్ పుడితే ఆ సంచి పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతుంది. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు. మార్చేయాల్సిందే.

అసలు సంగతి వోల్టేజీలో ఉంది. స్టికరు మీద 10.8 లేదా 11.1 ఉంటే లోపల 3.6 లేదా 3.7 వోల్టుల సెల్స్ మూడు వరుసగా కలిపారని అర్థం. ఇవి ఒక్కోటి 4.2 వోల్టుల దాకా చార్జ్ అవుతాయి. 11.4 అని ఉంటే అవీ మూడే, కానీ ఒక్కోటి 3.8 వోల్టులు, 4.35 దాకా చార్జ్ అయ్యే రకం. 11.4 ఉన్నచోట 11.1 బ్యాటరీ ఇచ్చి, దుకాణంలో “0.3 వోల్టులే కదా సార్, నడుస్తుంది” అంటే దయచేసి ఒప్పుకోకండి. 11.4 బ్యాటరీ లోపల చార్జింగ్‌ను అదుపు చేసే పాత బోర్డు ఉంచేసి సెల్స్ మాత్రం మార్చి ఇస్తామన్నా ఇదే భయం: 4.2 దగ్గర ఆగాల్సిన సెల్‌ను ఆ బోర్డు 4.35 దాకా తోస్తుంది. మంటలు రావడానికి అదో దారి.

ఫాస్ఫేట్ రకం లిథియం సెల్ 3.2 వోల్టులది. ఇన్వర్టర్లలో, కొన్ని ఎలక్ట్రిక్ బండ్లలో ఉంటుంది. అదే శక్తికి బరువు ఎక్కువ కాబట్టి ల్యాప్‌టాప్‌లలో మామూలుగా వాడరు.

ఇక ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, mAh) అంకె చూసి మోసపోకండి. దాన్ని వోల్టేజీతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి, వస్తాయి. 11.1 వోల్టుల 4,400 ఎంఏహెచ్ బ్యాటరీ సుమారు 49 వాట్ అవర్లు. 7.6 వోల్టుల 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ 45.6 మాత్రమే. అంకె పెద్దదే, శక్తి తక్కువ. చార్జ్ ఎంతసేపు వస్తుందో వాట్ అవర్లే చెబుతాయి.

అభ్యాసం: 15.2 వోల్టులు, 3,600 ఎంఏహెచ్ అని రాసిన బ్యాటరీలో వరుసగా ఎన్ని సెల్స్ ఉన్నాయి? ఏ రకం? ఎన్ని వాట్ అవర్లు? జవాబు వచ్చే పాఠంలో. బ్యాటరీ ఎంత అరిగిందో విండోస్ రిపోర్టులో చూడటం కూడా అందులోనే.