ఎండలు మండే ఊళ్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని కాపాడుకోవడం ఎలా?

పెట్రోలు బండి నడిపినవారికి ట్యాంకు నిండుగా ఉంటేనే నిశ్చింత. ఆ అలవాటునే ఎలక్ట్రిక్ స్కూటర్‌కూ తెచ్చిపెడతాం. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి, తెల్లవారేదాకా వదిలేసి, నూరు శాతం చూసుకుని మురిసిపోతాం. బ్యాటరీకి ఈ మురిపెం గిట్టదు. లిథియం అయాన్ బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేసేవి ముఖ్యంగా రెండు: ఒకటి వేడి, రెండోది నిండా ఛార్జయి గంటల తరబడి ఊరికే పడి ఉండటం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం, నూరు శాతం ఛార్జుతో ఎండలో నిలబడ్డ బండిని తలచుకోండి. ఆ రెండూ అక్కడ ఒకేసారి కలుస్తాయి. బండి మొత్తంలో ఖరీదైన భాగం కూడా బ్యాటరీయే.

1. మీ బండిలో ఏ బ్యాటరీ ఉందో తెలుసుకోండి

పక్కింటాయన సలహా మీ బండికి పనికిరాకపోవచ్చు. ఆయన బండిలో ఉన్నది వేరే రకం కావచ్చు. బ్యాటరీ మీది లేబులులోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రకం రాసి ఉంటుంది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి మూడు. పాతవీ చవకవీ అయిన తక్కువ వేగం బండ్లలో లెడ్ యాసిడ్ ఉంటుంది. మిగిలినవి లిథియం రకాలు: బరువు తక్కువగా ఉండే ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్), కాస్త బరువైనా వేడిని బాగా తట్టుకుని ఎక్కువ కాలం మన్నే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్).

లెడ్ యాసిడ్ పద్ధతి పూర్తిగా వేరు. దాన్ని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, ఖాళీగా నాలుగు రోజులు వదిలేస్తే పాడవుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా లిథియం గురించే.

2. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకండి

ఎండలో పది కిలోమీటర్లు నడిచిన బ్యాటరీ లోపల కాగి ఉంటుంది. దాన్ని అప్పుడే ఛార్జింగ్‌కు పెడితే వేడి మీద వేడి. ఓ ముప్పావు గంట నీడలో ఆరనివ్వండి. భోజనం చేసి వచ్చి పెట్టినా సరిపోతుంది. వేసవిలో అన్నింటికన్నా మంచి వేళ తెల్లవారుజాము. గోడలు చల్లబడి ఉంటాయి, ఛార్జు పూర్తయ్యే సరికి మీరు బయలుదేరే సమయమూ అవుతుంది. దానివల్ల నిండిన బ్యాటరీ ఊరికే కూర్చునే బాధ కూడా తప్పుతుంది. ఛార్జింగ్ మొదలయ్యే వేళను ముందే నిర్ణయించే సౌకర్యం మీ బండిలో ఉంటే వాడుకోండి.

3. ఎంత వరకు ఛార్జు చేయాలి?

ఎన్ఎంసీ అయితే రోజువారీ తిరుగుడుకు 80 శాతం చాలు. దూర ప్రయాణం ఉన్న రోజున నూరు చేసుకుని వెంటనే బయలుదేరండి. కింద 20 శాతం దగ్గరికి రాగానే మళ్లీ పెట్టండి. "పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి" అనే మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియానికి కొంచెం కొంచెంగా నింపడమే హాయి.

ఎల్ఎఫ్‌పీకి మాత్రం వారానికోసారి పూర్తిగా ఛార్జు చేయడం అవసరం. దాని వోల్టేజి మధ్యలో చాలా దూరం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, ఎంత మిగిలిందో బండిలోని ఎలక్ట్రానిక్స్‌కు సరిగా తెలియదు. నిండా ఎక్కించినప్పుడే లెక్క సరిపోతుంది, బ్యాటరీ లోపల వరసగా ఉండే చిన్న చిన్న సెల్లులన్నీ ఒక స్థాయికి వస్తాయి. లేకపోతే తెర మీద 15 శాతం చూపిస్తూనే బండి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు.

4. ఛార్జింగ్ పెట్టే చోటు, ఛార్జరు

ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. పడకగదిలో ఛార్జింగ్ పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ కొద్ది రోజుల తేడాతో ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఉన్న ఎలక్ట్రిక్ బండ్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది చనిపోయారు. బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని ఆ ఏడాదే కఠినం చేశారు. కొత్త నిబంధనలు 2022 డిసెంబరు, 2023 మార్చి చివర రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. మీ బ్యాటరీ అంతకు ముందుది అయితే మరింత జాగ్రత్త అవసరం.

అందుకే మెట్ల కింద, వీధి గుమ్మానికి అడ్డంగా పెట్టకండి. మంట వస్తే మీరు బయటపడాల్సిన దారి అదే. గాలి ఆడే వరండా, గచ్చు నేల, చుట్టూ పరుపులూ అట్టపెట్టెలూ లేని చోటు చూసుకోండి. ఎర్తింగ్ ఉన్న సాకెట్ కావాలి. సెల్లార్‌లోకి నాలుగో అంతస్తు నుంచి వేలాడదీసిన ఎక్స్‌టెన్షన్ వైరు ఎవరికీ మంచిది కాదు.

ఛార్జరు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత లెడ్ యాసిడ్ తీయించి 48 వోల్టుల లిథియం వేయించుకుంటారు, ఛార్జరు మాత్రం పాతదే వాడతారు. సాధారణంగా 13 సెల్లుల వరసతో వచ్చే 48 వోల్టుల ఎన్ఎంసీ ప్యాకు నిండినప్పుడు 54.6 వోల్టులు దాటకూడదు. పాత ఛార్జరు దాదాపు 58 వోల్టుల దాకా తోస్తుంది. లోపలి రక్షణ సర్క్యూటు అడ్డుకుంటుందిలే అని ధైర్యపడవద్దు. పిన్ను పట్టినంత మాత్రాన ఛార్జరు సరైనది అయిపోదు.

5. వానలో, వరదలో

వానలో నడపడానికి భయం లేదు. ఐపీ67 అని రాసి ఉన్న బ్యాటరీ మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా పరీక్షకు నిలిచింది. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బండ్లు నీళ్లలో ఉన్నది అరగంట కాదు, రోజుల తరబడి. అలా మునిగిన బండిని ఆన్ చేసి చూడకండి, ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లోకి తేకండి. లోపలికి చేరిన నీరు కొన్ని రోజుల తరువాత కూడా షార్టుకు, మంటకు దారి తీయగలదు. ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి కంపెనీ సర్వీసుకు కబురు చేయండి. మామూలు రోజుల్లో కడిగేటప్పుడు ఛార్జింగ్ రంధ్రం వైపు పైపుతో జోరుగా నీళ్లు కొట్టకపోతే చాలు.

6. నెల రోజులు ఊరెళ్తుంటే

నిండా నింపి వెళ్లడమూ తప్పే, ఖాళీగా వదలడమూ తప్పే. ఒకసారి సంక్రాంతికి వెళ్తూ నేను 4 శాతం మీద వదిలేశాను. తిరిగి వచ్చేసరికి బండి ఉలకలేదు, పలకలేదు. ఆపి ఉంచినా అందులోని తాళం, ట్రాకింగ్ పరికరాలు చుక్క చుక్కగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 శాతం దగ్గర ఉంచి, నీడలో పెట్టి, విడదీయగల బ్యాటరీ అయితే తీసి పక్కన పెట్టండి. నెలకోసారి ఎవరినైనా చూడమనండి, 30 శాతానికి దిగితే మళ్లీ సగానికి ఎక్కించాలి.

7. అనుమానం వస్తే

ఉబ్బు, తియ్యగానో ఘాటుగానో కొత్త వాసన, చెయ్యి పెట్టలేనంత వేడి, చిటపటలు: వీటిలో ఏది కనిపించినా వాడకం ఆపండి. కింద పడి సొట్ట పడిన బ్యాటరీని కూడా చూపించకుండా ఛార్జింగ్ పెట్టకండి. పొగ వస్తే దగ్గరికి వెళ్లకుండా అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. ఆ పొగ విషం, ఆరినట్టు కనిపించిన మంట మళ్లీ రాజుకుంటుంది.

మెల్లగా వచ్చే అరుగుదల ఇలా బయటపడదు. ఆరు నెలలకోసారి అదే దారిలో, అదే బరువుతో, నూరు నుంచి 20 శాతం దాకా ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో డైరీలో రాసి పెట్టుకోండి. వారంటీ కార్డులో ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో ఉంటుంది. ఆ రోజు వస్తే మీ దగ్గర లెక్క ఉంటుంది.

పూర్తిగా చచ్చిన బ్యాటరీని పాత ఇనుము వాడికి వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే. కొన్నచోటే అప్పగించి రసీదు అడగండి.