కారు రేకుకు మొదటి వెల్డింగ్ మిషన్: కొనే ముందు, ముట్టించే ముందు జాగ్రత్తలు

కారు బాడీ రేకు దాదాపు 0.7 నుంచి 1 మి.మీ. మందమే. చౌక అని ఆర్క్ మిషన్ కొంటే, 2.5 మి.మీ. రాడ్డు ముట్టించగానే బొక్క పడుతుంది. గేట్లకు, ట్రాలీలకు అది మంచిదే. కారు ఫ్లోరు అతుకుకు మాత్రం మిగ్ (రాడ్డు బదులు సన్న వైరు దానంతటదే వచ్చే మిషన్) తీసుకోండి: 0.8 మి.మీ. వైరు, ఆర్గాన్-సీఓటూ గ్యాస్ మిశ్రమం. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ వైరైతే (లోపల ఫ్లక్స్ పొడి ఉండేది) టార్చిని, అంటే చేత్తో పట్టుకునే భాగాన్ని, మైనస్‌కు మార్చాలి, లేకుంటే నిప్పురవ్వలు చిమ్ముతాయి, అతుకు పట్టదు.

కరెంటు చూసుకోండి. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బోరు మోటర్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. మిషన్ ఎంత తక్కువకు ఓర్చుకుంటుందో ముందే అడగండి. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు అసలే వద్దు. డ్యూటీ సైకిల్ (మిషన్ ఆపకుండా ఎంతసేపు వెల్డింగ్ చేయొచ్చో చెప్పే లెక్క) సాధారణంగా 40 డిగ్రీల వేడికి లెక్కగడతారు. 60 శాతమంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలే. మే నెలలో మన రేకుల షెడ్డులో ఇంకా తగ్గించాలి.

బ్యాటరీ మైనస్ తీసేయండి. రంగు గీకి, తెల్లటి ఇనుము కనబడ్డాకే ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టండి. రేకు అవతల కార్పెట్, వైర్లు, పెట్రోలు పైపు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. పెట్రోలు ట్యాంకు దగ్గరైతే దింపాల్సిందే. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద ఆర్క్ కొట్టొద్దు, ప్రాణాలు తీసే ఫాస్జీన్ వాయువు పుడుతుంది.