సైబర్‌పంక్ ఆటలో డ్రోన్ లింక్ దెబ్బతింటే: సమస్య - పరిష్కారం

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే మా టేబుల్‌టాప్ ఆట 2080ల తిరుపతిలో నడుస్తుంది. రేణిగుంట నుంచి శ్రీసిటీ దాకా కంపెనీల రాజ్యం. ఆటగాళ్ల ముఠా చంద్రగిరిలో దాక్కుని ఉంటుంది. ముఠాకు కళ్లూ చేతులూ డ్రోన్లే. అవి మొరాయించినప్పుడు ఆట నడిపే గేమ్ మాస్టర్ పాచిక వేసి "సిగ్నల్ పోయింది" అని ఊరుకోవడం నాకు నచ్చదు. ఎందుకు పోయిందో ఆటగాడు ఆలోచించి పట్టుకోగలగాలి. అంటే ఒక్కో దాడికి ఒక్కో ఆనవాలు ఉండాలి. కింద చెప్పే అంకెలు ఇరవై ముఖాల పాచికతో మేం ఆడే సొంత నియమాలు, మీ ఆటకు తగ్గట్టు మార్చుకోండి.

ముందుగా ఆటగాళ్ల చేత నెట్‌వర్క్‌ను కాగితం మీద గీయించండి. ఏ డ్రోన్ దేనితో మాట్లాడుతుంది, ఆదేశాలు ఏ దారిన పోతాయి, వీడియో ఏ దారిన వస్తుంది, ఆదేశాలకు తాళం వేసే రహస్య సంకేతాలు, అంటే కీలు, ఎవరి దగ్గరున్నాయి అన్నది అందులో కనబడాలి. ఆ బొమ్మ లేకపోతే ఏ సమస్యా తేలదు.

లక్షణం: ఫలానా చోటికి పోగానే లింక్ తెగుతుంది, వెనక్కి వస్తే కలుస్తుంది.

కారణం శత్రువు కాదు, కొండ. తిరుపతి ఊరు సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తులో ఉంది. చంద్రగిరి నుంచి మామండూరుకు గీత గీస్తే నడుమ శేషాచలం అడ్డం. డ్రోన్ లింక్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు ఆ రాతిని దాటిపోవు. డ్రోన్‌ను ఇంకాస్త పైకి లేపితే చాలనుకుంటారు గానీ, 2021 డ్రోన్ నిబంధనల్లో గ్రీన్ జోన్‌కు, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతానికి, పెట్టిన 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్లు, ఈ కొండ ముందు ఏ మూలకూ రావు.

సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిలేను కొండ మీద పెట్టడం కుదరదు. తిరుమల మీద డ్రోన్లకు ఈరోజే అనుమతి లేదు, మా ఆటలోనూ ఆ నియమాన్ని అలాగే ఉంచాం. కొండ చుట్టూ తిరిగి రావాలి: తిరుపతి ఊరిలో ఒక మేడ మీద ఒక రిలే, కరకంబాడి వైపు మరొకటి. ఒకే రేడియోతో అందుకుని పంపే రిలే పెరిగిన కొద్దీ వీడియో వేగం పడిపోతుంది కాబట్టి ఆదేశాలను వీడియోతో కలపకుండా వేరే లింక్‌లో పంపమనండి. ఆదేశాలు చిన్నవి, సన్నని లింక్ చాలు.

లక్షణం: అన్ని డ్రోన్లూ ఒకేసారి గోల పెడతాయి, ఎటు తిప్పినా అంతే.

ఇది జామర్. ఇక్కడే ఆటగాళ్లు "ఎన్‌క్రిప్షన్ పెట్టినాం కదన్నా, మళ్లీ ఎట్లా పోతాది?" అని అడుగుతారు. ఎన్‌క్రిప్షన్ మాటను దాస్తుంది, మాట వినబడేలా చేయలేదు. జామర్‌కు కీతో పనే లేదు, మన సిగ్నల్ మునిగిపోయేంత రొద చేస్తే సరి. పాకాల దగ్గరి గాదంకి రాడార్ మీద అనుమానపడే ఆటగాడూ ఉంటాడు. అది 53 మెగాహెర్ట్జ్‌లో ఆకాశం వైపు చూసే వాతావరణ రాడార్, దీనితో సంబంధం లేదు. అయినా ఆ అనుమానాన్ని కొట్టిపారేయకండి. ఫ్రీక్వెన్సీ చూసి తనంతట తానే తప్పని తేల్చుకోనివ్వండి.

పరిష్కారం: ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోయే రేడియో, ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా, ఆపరేటర్ డ్రోన్‌కు దగ్గరగా జరగడం. దూరం సగమైతే అందే శక్తి నాలుగింతలు. అందుకే మా దగ్గర కష్టాంకం, అంటే గెలవడానికి పాచికలో కనీసం పడాల్సిన అంకె, 15తో మొదలై, దూరం సగమైన ప్రతిసారీ 3 తగ్గుతుంది. జామర్ తానే పెద్దగా అరుస్తోంది కాబట్టి, రెండు చోట్ల నుంచి దిక్కు కొలిచిన ముఠాకు దాని జాడ దొరికి తీరాలి.

లక్షణం: లింక్ నిండుగా ఉంది, డ్రోన్ మాత్రం మెల్లగా పక్కకు జారిపోతోంది.

దొంగ జీపీఎస్. ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్లకు పైన ఉంటాయి, నేలకు చేరేసరికి వాటి సిగ్నల్ బాగా నీరసిస్తుంది. దగ్గర నుంచి పంపే అబద్ధం దాన్ని తేలిగ్గా మింగేస్తుంది. కెమెరాలో కనబడే స్వర్ణముఖి ఒడ్డును మ్యాప్‌తో పోల్చి చూడమనండి, తేడా తెలిసిపోతుంది. జీపీఎస్ లాంటిదే అయిన మన దేశపు నావిక్ వ్యవస్థలో అధీకృతులకు మాత్రమే ఇచ్చే ఎన్‌క్రిప్టెడ్ సేవ ఉంది. అలాంటి రిసీవర్‌ను సంపాదించడమే ఒక రాత్రి ఆటకు సరిపడే పని.

లక్షణం: ఎవరూ ఇవ్వని ఆదేశాన్ని డ్రోన్ పాటించింది.

రెండు కారణాలుంటాయి, వాటిని విడదీయడమే ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. ఆ ఆదేశం ఇంతకుముందు ఇచ్చినదేనా, అక్షరం పొల్లుపోకుండా? అయితే శత్రువు దాన్ని గాలిలో పట్టి దాచుకుని మళ్లీ పంపాడు. దాన్ని చదవాల్సిన అవసరం కూడా అతనికి రాలేదు. ప్రతి ఆదేశానికీ వరుస సంఖ్య వేసి, పాత సంఖ్య వస్తే తిరస్కరించేలా డ్రోన్‌ను సరిచేస్తే ఈ దాడి ఆగిపోతుంది.

ఆదేశం పూర్తిగా కొత్తదా? అయితే కీ పోయింది. గత ఆటలో ఎక్కడో కూలిన డ్రోన్‌ను ముఠా ఏరుకోకుండా వదిలేసి ఉంటుంది, దాన్ని ఇప్పుడు గుర్తు చేయండి. డ్రోన్లన్నిటికీ ఒకే కీ పెట్టడం ఊళ్లోని ఇళ్లన్నిటికీ ఒకే తాళంచెవి చేయించడం లాంటిది. ఒక్కో డ్రోన్‌కు ఒక్కో కీ ఇస్తే దొరికిపోయినదాన్ని మాత్రం జాబితాలోంచి కొట్టేయవచ్చు. ఒకే కీ ఉంటే అన్నిటినీ దింపి, చేత్తో కొత్త కీ ఎక్కించాలి. ఆ సమయంలో ముఠా గుడ్డిది. గేమ్ మాస్టర్‌గా ఆ గుడ్డితనాన్ని వాడుకోండి, కానీ కీల మార్పుకు ఎంతసేపు పడుతుందో ముందే చెప్పండి.

లక్షణం: నెట్‌వర్క్‌లో లోపమేమీ లేదు, అయినా శత్రువు చంద్రగిరి స్థావరం తలుపు తట్టాడు.

ముందు "లింక్ తెగితే ఇంటికి రా" అన్న సెట్టింగ్ చూడండి. జామర్ వేసి, తిరిగొచ్చే డ్రోన్ వెంట నడిస్తే చాలు, స్థావరం దొరుకుతుంది. తిరిగొచ్చే చోటును మూడో స్థలానికి, ఏ పాడుబడ్డ రైస్‌మిల్లు పెరట్లోకో మార్చాలి. అది కాకపోతే కారణం ఆపరేటర్ రేడియోనే. లోపలి మాట అర్థం కాకపోయినా అది ఏ దిక్కు నుంచి వస్తోందో శత్రువు కొలవగలడు. దారిని ముందే ఎక్కించి, మౌనంగా ఎగిరి, పని ముగిశాకే వీడియో ఇచ్చే డ్రోన్‌కు ఈ బెడద తక్కువ. బదులుగా దారిలో ఏం జరిగినా దాన్ని మళ్లించలేరు.

లక్షణం: డ్రోన్ ఆటగాడు ఒక్కడే ఆడుతున్నాడు, మిగతావాళ్లు ఫోన్లు చూస్తున్నారు.

పని పంచండి. రిలేను మేడ మీదికి మోసేది ఒకరు, జామర్ దిక్కు కొలిచేది ఇంకొకరు, కీల కాగితం దాచేది మరొకరు. కాగితం దాచిన పాత్ర శత్రువుకు చిక్కిన రోజున టేబుల్ చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ పని పడుతుంది.