ఇంట్లోకి వచ్చిన పాము – 5వ పాఠం: సంచిలోకి అది తనంతట తనే వెళ్ళాలి

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. వంటింట్లో గ్యాస్ బండ వెనక పాము దూరింది. ఆ గదికి రెండు తలుపులు, ఒకటి హాల్లోకి, ఒకటి పెరట్లోకి. ముందు ఏం చేయాలి?

హాలు తలుపు మూసి, దాని కింది సందులో గోనెపట్టా కుక్కాలి. పెరటి తలుపు బార్లా తీసి ఉంచాలి. పెరట్లో గుమిగూడిన వాళ్ళను అక్కడి నుంచి పంపేయాలి. ఈ చివరి పని చాలామంది రాయరు, కానీ అసలు పని అదే. బయట ఇరవై మంది అటూ ఇటూ తిరుగుతుంటే ఏ పాము గడప దాటుతుంది? వచ్చింది జెర్రిపోతో నీరుకట్టో అయితే, జనం తప్పుకున్నాక అరగంటలో తన దారి తను చూసుకుంటుంది. దూరం నుంచి ఒకరు కనిపెట్టుకుని ఉంటే చాలు. పట్టకుండా పంపించగలిగిన పాముకు మించిన రెస్క్యూ నా దృష్టిలో లేదు.

అయితే అన్నిసార్లూ అలా కుదరదు. రాత్రి పదకొండింటికి పడగ్గదిలో కట్లపాము కనబడితే తలుపు తీసి కూర్చోలేం. మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చిన నాగుపాముకు పెరడు ఉండదు. అలాంటప్పుడు పట్టక తప్పదు. ఎలా పట్టాలన్నదే ఈ పాఠం. ఇందులో చేత్తో పట్టడం ఎక్కడా లేదు.

ముందే ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ పాఠాలు చదివిన మాత్రాన మీరు విషపాము దగ్గరికి వెళ్ళడానికి సిద్ధమైనట్టు కాదు. ఇక్కడ పద్ధతి తెలుస్తుంది, దాని వెనక కారణం తెలుస్తుంది. చెయ్యి తిరగడం మాత్రం అనుభవం ఉన్నవాళ్ళ పక్కన నిలబడితేనే వస్తుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో అడవి జంతువును పట్టడం కూడా వేటే. కాబట్టి అటవీశాఖ అనుమతి, వాళ్ళకు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. హైదరాబాద్‌లో అయితే 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. మొదట అలాంటి చోట వాలంటీరుగా చేరండి. ఫోన్ రాగానే ఒంటరిగా బండెక్కి వెళ్ళిపోవడం ధైర్యం కిందకు రాదు.

2022 జనవరి చివర్లో కేరళలోని కొట్టాయం దగ్గర జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాములు పట్టడంలో దేశమంతా పేరున్న వావా సురేశ్‌ను నాగుపాము తొడ మీద కాటేసింది. వెంటిలేటర్ మీద ఉండి ఆయన బతికి బయటపడ్డారు. అది కాటేసింది ఎప్పుడో గమనించండి. వెతికేటప్పుడు కాదు, బయటికి తీసేటప్పుడు కాదు. తోక పట్టుకుని సంచిలో వేయబోయేటప్పుడు. చేతిలో పాము, ఎదురుగా సంచి, రెండో చెయ్యి సంచి మూతి దగ్గర. ఎంత అనుభవం ఉన్నా ప్రమాదం పొంచి ఉండేది ఆ కొన్ని క్షణాల్లోనే. మనం నేర్చుకునే పద్ధతిలో ఆ క్షణాలే ఉండవు. పామును మనం సంచిలో వేయం. అది తనంతట తనే వెళ్ళేలా ఏర్పాటు చేస్తాం.

పైపు, సంచి

భయపడిన పాముకు కావలసింది చీకటిగా, ఇరుకుగా ఉండే చోటు. గోడ వారగా పాకుతూ అలాంటి కన్నం కోసం వెతుకుతుంది. మనం చేయాల్సిందల్లా ఆ కన్నాన్ని దాని దారిలో పెట్టడమే.

పీవీసీ పైపు ముక్క రెండడుగుల పొడవుది తీసుకోండి. పెద్ద నాగుపాముకు 3 నుంచి 4 అంగుళాల వెడల్పు సరిపోతుంది, కట్లపాముకు 2 అంగుళాలు చాలు. మరీ వెడల్పయితే పాము లోపలే వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. మరీ ఇరుకైతే తల పెట్టి చూసి వద్దనుకుంటుంది. కోసిన అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. ఆ పదును దాని పొట్ట పొలుసులను చీరేస్తుంది. తెల్ల పైపు దొరికితే ముదురు రంగు వేయండి, లేదా నల్ల టేపు చుట్టండి.

సంచి మందపాటి ముదురు రంగు కాటన్ గుడ్డతో, నాలుగడుగుల పొడవుతో కుట్టించండి. గాలి ఆడాలి కాబట్టి ప్లాస్టిక్, రెగ్జిన్ పనికిరావు. యూరియా సంచి కూడా వద్దు, దాని పోగులు ఊడి పాముకు చుట్టుకుంటాయి. ఇలాంటి పోగుల వల్లే కాటన్ సంచిని కూడా తిరగేసి వాడాలి, కుట్టు పోగులు బయటికి ఉండేలా. టైలరు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. వాడే ముందు ప్రతిసారీ సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూడాలి. ఒక పాముకు వాడిన సంచిని ఉతికి ఎండబెట్టాకే ఇంకో పాముకు వాడాలి.

సంచి మూతిని పైపు ఒక చివరకు తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించండి. గట్టిగా ఉండాలి, కానీ ఒక్క లాగుడుతో ఊడిరావాలి.

పైపు ఎక్కడ పెట్టాలి

పదిలో తొమ్మిది వంతుల పని ఇక్కడే ఉంది, తొందరపడితే చెడేదీ ఇక్కడే.

పాము ఇంకా గ్యాస్ బండ వెనకే ఉందనుకుందాం. దాన్ని కదిలించక ముందే పైపు సిద్ధం కావాలి. గోడ మూలకు ఆనించి, పైపు నోరు పాము వచ్చే వైపుకు ఉండేలా నేల మీద పెట్టండి. పైపుకు, గోడకు మధ్య వేలు పట్టేంత సందు కూడా ఉండకూడదు. పాము ముందు ఆ సందునే ఎంచుకుంటుంది. పైపు కదలకుండా పక్కన ఒక ఇటుక పెట్టండి. సంచి వెనక్కి చాచి, లోపల గాలి ఉండేలా కాస్త ఉబ్బించి వదలండి. అతుక్కుపోయిన సంచిలోకి పాము దూరదు. అది దూరగలిగే మిగతా చోట్లు, ఫ్రిజ్ కింద, అల్మారా వెనక, సింకు గొట్టం పక్కన, అన్నీ గుడ్డలతో మూసేయండి. గదిలో పైపు నోరు తప్ప చీకటి కన్నం ఇంకేదీ మిగలకూడదు.

పైపును ఎవరూ చేత్తో పట్టుకోరు. దీనికి మినహాయింపు లేదు.

ఇప్పుడు హుక్‌తో, అంటే కొన వంగిన పొడవాటి కడ్డీతో, బండను మెల్లగా ఇవతలికి జరపండి. హుక్ నాలుగడుగులకు తక్కువ ఉండకూడదు. మీరు పాము వెనక వైపున, దాని పొడవుకన్నా ఎక్కువ దూరంలో ఉండాలి. పాము కదిలాక మీ పని దాదాపు ఏమీ లేదు. అది పైపు వైపు కాకుండా గది మధ్యలోకి తిరిగితే హుక్‌ను దాని ముందు నేలకు ఆనించి అడ్డం పెట్టండి, కొట్టొద్దు, తొయ్యొద్దు. వెనక తోక దగ్గర హుక్ లేతగా తగిలితే చాలు, ముందుకు వెళ్తుంది. పైపులో తల పెట్టి వెనక్కి తీస్తే తీయనివ్వండి. రెండోసారి వెళ్తుంది, మూడోసారి వెళ్తుంది. ఆ ఐదు నిమిషాలు ఓపిక పట్టలేక తోక పట్టుకునే వాళ్ళకే టెన్షన్ ఎక్కువ, కాట్లూ ఎక్కువ.

తోక చివర కూడా పైపు దాటి సంచిలోకి వెళ్ళేదాకా ఆగండి. తర్వాత పైపు చివర అవతల, సంచి మెడ మీద ఒక కర్రను అడ్డంగా ఆనించండి. కర్ర కింద గుడ్డే ఉండాలి, పాము ఉండకూడదు. ఒకరు కర్ర ఆనించి ఉంచితే, ఇంకొకరు కర్రకు ఇవతలి వైపు నుంచే ట్యూబు లాగి పైపు తీసి, మూతిని మెలితిప్పి, మడిచి కట్టాలి. గుడ్డ లోపల నుంచి కూడా పాము కాటు వేయగలదు. అందుకే సంచిని ముడి పైన మాత్రమే, ఒంటికి దూరంగా పట్టుకుని, వెంటనే గాలి కన్నాలున్న మూత డబ్బాలో పెట్టాలి. దాన్ని స్కూటర్ సీటు కింద డిక్కీలో పెట్టేవాళ్ళను చూశాను. ఆ ఇంజిన్ వేడికి పాము చచ్చిపోతుంది. మనలాగా చెమట పట్టించుకుని ఒళ్ళు చల్లబరచుకునే ఏర్పాటు దానికి లేదు.

ఏ పాము ఎలా ప్రవర్తిస్తుంది

నాగుపాము పడగ విప్పి నిలబడితే పైపులోకి రాదు. ఎదురుగా ఏదో కదులుతున్నంత సేపూ పడగ దించదు. పాములవాడి బూర ఊగితే పడగ ఊగేది అందుకే. మీరు కదలకుండా నిలబడండి, ఇంకా మంచిది రెండడుగులు వెనక్కి వేయండి. కాసేపటికి పడగ ముడిచి గోడ వారగా బయల్దేరుతుంది. ఈ పద్ధతికి బాగా లొంగే పాము ఇదే.

కట్లపాముతో చిక్కు దాని నెమ్మదితనమే. పగలు తల దాచుకుని ముద్దగా పడి ఉంటుంది, దాంతో జనం చులకనగా చూస్తారు. రాత్రి అదే పాము చటుక్కున కదులుతుంది. దాని కాటు నొప్పి కూడా సరిగా తెలియదు, కింద పడుకున్నవాళ్ళు నిద్రలోనే కాటుకు గురవుతారు. ఇళ్ళలో తరచూ కనిపించే, విషం లేని వుల్ఫ్ స్నేక్‌కు కూడా ఇలాగే అడ్డపట్టీలుంటాయి. ఆ పట్టీలు తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకు సాధారణంగా ఇది తిరగబడి ఉంటుంది. తేడా తెలిసినా, టార్చి వెలుతురులో అనుమానం ఉంటే కట్లపామనుకునే పని చేయండి.

రక్తపింజరి పారిపోదు, చుట్ట చుట్టుకుని కూర్చుని ప్రెషర్ కుక్కర్‌లా బుసకొడుతుంది. దాన్ని పైపులోకి నడిపించడం కష్టం. వెడల్పు మూతి డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి దాని ముందు పెట్టి, పొడవాటి కర్రకు కట్టిన మెత్తటి చీపురుతో వెనక నుంచి మెల్లగా జరపాలి. లోపలికి వెళ్ళాక డ్రమ్మును కర్రతోనే నిలబెట్టి, మూతను దూరం నుంచి జరిపి మూయాలి. చూపుకు అందనంత వేగంగా ముందుకు దూకి కాటేస్తుంది కాబట్టి దీని విషయంలో దూరం ఇంకో రెండడుగులు పెంచండి. గుండ్రటి మచ్చలు చూసి కొండచిలువ పిల్ల అనుకుని దీన్ని ఎత్తుకున్నవాళ్ళున్నారు. చిన్న పింజరి అనే ఇంకో విషపాము ఉంది, జానెడే కదా అనుకోవద్దు. దానికీ ఇదే పద్ధతి, డ్రమ్ముకు బదులు డబ్బా.

జెర్రిపోతుకు విషం లేదు గానీ పొడవు ఏడడుగుల దాకా ఉంటుంది, పరుగు ఎక్కువ, పట్టబోతే కొరుకుతుంది. దాన్ని వంటిల్లంతా తరిమేకన్నా తలుపు తీసి ఉంచడం మేలు.

పట్టుకర్ర గురించి

ఆన్‌లైన్‌లో కొనే పట్టుకర్రలు, అంటే టాంగ్స్, చూడ్డానికి భద్రంగా అనిపిస్తాయి. మనిషికి భద్రమేమో గానీ పాముకు కాదు. పాముకు ఛాతీ ఎముక ఉండదు, పక్కటెముకల చివర్లు కింద ఏ ఆధారమూ లేకుండా ఉంటాయి. లోహపు దవడల మధ్య నొక్కితే ఎముకలు విరుగుతాయి, లోపలి అవయవాలు నలుగుతాయి. పైకి ఏమీ కనబడదు. అడవిలో వదిలితే చక్కగా పాక్కుంటూ పోతుంది, వీడియోలో చప్పట్లు కూడా వినిపిస్తాయి, వారం తర్వాత ఏ పొదలోనో చచ్చిపోతుంది. టాంగ్స్‌తో చెప్పులు, పరదాలు, అట్టపెట్టెలు పక్కకు తీయండి, పామును కాదు. తల నొక్కి మెడ పట్టుకోవడం, తోక పట్టి వేలాడదీయడం కూడా అంతే. బరువైన రక్తపింజరిని తోకతో ఎత్తితే దాని ఒళ్ళంతా ఆ సన్నటి వెన్ను మీదే వేలాడుతుంది. అదీగాక పింజరి కోరలు పొడవైనవి, మెడ పట్టుకున్నా పక్కకు తిప్పి మీ వేలికి గుచ్చగలదు.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా కాటు పడితే పామును వదిలేయండి. కరిచిన చేతిని కదలకుండా ఉంచి, ఉంగరాలు, గడియారం తీసేసి, 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. పామును చంపి వెంట తీసుకెళ్ళక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి తయారైనదే.

ఈ వారం అభ్యాసం

పాత సైకిల్ ట్యూబు నుంచి ఐదడుగుల ముక్క కోసి, ఇసుక నింపి రెండు చివర్లూ కట్టండి. పైపు, సంచి తయారు చేసి, ఇంట్లో మంచం కింద, ఫ్రిజ్ వెనక, బాత్రూమ్ మూల, ఈ మూడు చోట్లా పైపు ఎక్కడ పెట్టాలో, ఏ సందులు మూయాలో ఆలోచించి పెట్టి చూడండి. ట్యూబును పైపు గుండా సంచిలోకి జార్చి, కర్ర ఆనించి, పైపు తీసి, ముడి వేయండి. ఇద్దరు కలిసి చేయాలి. ఇంకొకరిని ఫోన్‌లో వీడియో తీయమని, మీ వేళ్ళు ఎప్పుడైనా కర్ర దాటి అవతలికి వెళ్ళాయేమో చూసుకోండి. మొదట్లో తప్పకుండా వెళ్తాయి. వెళ్ళడం మానేదాకా చేయండి, తర్వాత లైటు ఆర్పి టార్చి వెలుతురులో చేయండి.

పట్టిన పామును ఎక్కడ వదలాలి, ఎంత దూరంలో వదలాలి, యాభై కిలోమీటర్ల అవతలి అడవిలో వదలడం దానికి ఎందుకు మేలు కాదు అన్నది 6వ పాఠంలో.