అకౌస్టిక్ గిటార్ నెక్ వెడల్పు మీ చేతికి కుదురుతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

గిటార్ కొనడానికి షాపుకి వెళ్తే ముందు రంగు చూస్తాం, తర్వాత రేటు అడుగుతాం, షాపు అబ్బాయి నాలుగు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వాయించి వినిపిస్తే సౌండ్ బాగుందని తెచ్చేసుకుంటాం. ఎడమచెయ్యి రోజూ పట్టుకోవాల్సిన నెక్ ఎంత వెడల్పు ఉందో అడిగేవాళ్ళు అరుదు. నెల తిరిగేసరికి సి కార్డ్‌లో ఒక తీగ మోగదు, ఎఫ్ దగ్గర మణికట్టు లాగేస్తుంది. "నా వేళ్ళు గిటార్‌కి పనికిరావు" అనుకుని దాన్ని అటకెక్కించేస్తారు. నిజానికి చాలామంది వేళ్ళలో ఏ లోపమూ ఉండదు. ఆ నెక్ ఆ చేతికి కుదరలేదు, లేదా సెటప్ (తీగల ఎత్తు వగైరా సర్దుబాటు) సరిగ్గా లేని గిటార్ చేతికొచ్చింది. ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవడం, మీకు తగిన వెడల్పు ఎంచుకోవడం మీరే చేసుకోగలరు.

1. నట్ దగ్గర కొలవండి

ట్యూనింగ్ కీలు ఉండే హెడ్‌స్టాక్ ఎక్కడ మొదలవుతుందో అక్కడ నెక్‌కి అడ్డంగా ఒక చిన్న పట్టీ ఉంటుంది. తీగలన్నీ దాని గాడుల్లోంచే వెళ్తాయి. అదే నట్. నెక్ వెడల్పు అని కంపెనీలు రాసేది ఈ నట్ వెడల్పునే. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు పెట్టి కొలిచినా చాలు.

స్టీలు తీగల గిటార్లలో ఎక్కువగా కనిపించేది 43 మిల్లీమీటర్లు, అంగుళాల్లో 1-11/16. మన దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనే యమహా ఎఫ్310, ఎఫ్‌జి800, ఫెండర్ సిడి-60ఎస్ అన్నీ ఇదే కొలతకి వస్తాయి. దాని పైమెట్టు 44.5 మి.మీ., అంటే 1-3/4 అంగుళాలు. టేలర్ కంపెనీ గిటార్లలో 200 సిరీస్ సన్న కొలతతో ఉంటే 300 సిరీస్ నుంచి ఈ వెడల్పు కనిపిస్తుంది. మార్టిన్ కంపెనీ 2017లో తన డి-28ని కొత్తగా మలిచినప్పుడు దాని నట్‌ని కూడా 1-3/4కి పెంచింది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఇంకా వెడల్పు. యమహా సి40 నట్ 52 మి.మీ. ఈ రెంటికీ మధ్యలో 48 దగ్గర ఆగే నైలాన్ గిటార్లు కూడా ఉన్నాయి, వాటిని క్రాస్ఓవర్ అంటారు.

43కీ 44.5కీ తేడా ఒకటిన్నర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. 43 నట్ మీద మొదటి తీగకీ (అన్నిటికంటే సన్నది) ఆరో తీగకీ (అన్నిటికంటే లావుది) మధ్య దూరం సుమారు 36 మి.మీ. అందులో ఐదు సందులు, ఒక్కో సందు 7 మి.మీ. చిల్లర. 44.5లో ఒక్కో సందుకీ 0.3 మి.మీ. దాకా కలుస్తుంది. పక్క తీగని అంటీ అంటకుండా ఉండే వేలి కొనకి ఆ కాస్తే కావాలి.

ఇంకొక్కటి చూడండి. రెండు గిటార్ల నట్ వెడల్పు ఒకటే అయినా తీగల మధ్య దూరం ఒకటే కానక్కర్లేదు. ఒకాయన గాడులు అంచు దాకా జరిపి కోస్తాడు, ఇంకొకాయన లోపలికి దగ్గరగా కోస్తాడు. కాబట్టి నట్ కొలిచాక తీగ నుంచి తీగకి కూడా కొలవండి.

2. వేళ్ళ పొడవు కాదు, కొనల లావు చూసుకోండి

పెద్ద చేతులకి వెడల్పు నెక్, చిన్న చేతులకి సన్న నెక్ అని అందరూ చెప్పే మాటే. అది సగమే నిజం. ఒక తీగ మీద వేలు పెడితే పక్క తీగ మూసుకుపోవడానికి కారణం వేలి కొన లావు. నెక్ చుట్టూ చెయ్యి అందకపోవడానికి కారణం వేళ్ళ పొడవు, అరచేతి వెడల్పు. రెండూ వేర్వేరు సమస్యలు. పొడవాటి సన్నని వేళ్ళున్నవాళ్ళు 43 మీద హాయిగా వాయిస్తారు. పొట్టిగా, కొనలు బలంగా ఉండే వేళ్ళకి సందులు కాస్త ఎక్కువ ఉండాలి, అదే సమయంలో నెక్ మందం తక్కువ ఉండాలి. ఇలాంటి చేతికి "మీది చిన్న చెయ్యి, సన్న నెక్ తీసుకోండి" అని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి.

ఎడమచేతి గోళ్ళు పొట్టిగా కత్తిరించుకునే షాపుకి వెళ్ళండి. గోరు పొడవుంటే వేలు నిటారుగా దిగదు, పక్కకి వాలి మంచి నెక్ మీద కూడా పక్క తీగని మూసేస్తుంది.

3. ఏం వాయించాలనుకుంటున్నారు?

పాట పాడుకుంటూ కార్డ్స్ పట్టి స్ట్రమ్మింగ్ చేయడమే మీ కోరికైతే 43 చాలు. కార్డ్ నుంచి కార్డ్‌కి చెయ్యి త్వరగా మారుతుంది, బార్ కార్డ్స్‌కి చూపుడువేలు తక్కువ దూరం పరుచుకుంటే సరిపోతుంది. కొందరు ఆరో తీగని బొటనవేలితో పైనుంచి నొక్కుతారు. వాళ్ళకి సన్న నెక్కే మేలు.

పిక్ లేకుండా కుడిచేతి వేళ్ళతో ఒక్కో తీగా మీటే ఫింగర్‌స్టైల్ వైపు మనసుంటే 44.5 తీసుకోండి. అయితే కుడిచెయ్యి పనిచేసేది బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించి ఉండే చెక్క) వైపు కాబట్టి అక్కడి సందులు కూడా చూడాలి. మొదటి తీగ నుంచి ఆరో తీగకి బ్రిడ్జ్ దగ్గర 54 మి.మీ.కి తగ్గకుండా ఉంటే వేళ్ళు ఒకదానికొకటి తగలవు.

లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే గ్రేడ్ పరీక్షల్లో క్లాసికల్ గిటార్ రాయాలనుకునేవాళ్ళు 52కి చేతిని అలవాటు చేసుకోవడమే మంచిది. ఆ పద్ధతిలో బొటనవేలు నెక్ వెనకే ఉంటుంది, ఎడమపాదం కింద చిన్న పీట పెట్టుకుని నెక్‌ని పైకెత్తి పట్టుకుంటారు. ఆ కూర్చునే తీరులో వెడల్పు అంత భారంగా అనిపించదు. అదే గిటార్‌ని సోఫాలో ఒరిగి కూర్చుని వాయిస్తే మాత్రం నరకమే.

గిటార్ మీద మన కీర్తనలు, గమకాలు వాయించాలనుకునేవాళ్ళు మొదటి తీగకీ ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లనే లోహపు కమ్మీలు అడ్డంగా బిగించిన పలక) అంచుకీ మధ్య ఎంత చోటుందో తప్పకుండా చూడాలి. తీగని ఊపినప్పుడు అది అంచు దాటి జారిపోతే స్వరం అక్కడికక్కడే తెగిపోతుంది. 43 నెక్ మీద కూడా గాడులు సరిగ్గా కోసి ఉంటే అంచున 3 మి.మీ. చోటు దొరుకుతుంది.

4. షాపులో ఈ నాలుగూ పట్టి చూడండి

నిలబడి ఒక నిమిషం మీటి ఇచ్చేయొద్దు. చేతుల్లేని కుర్చీ అడిగి కూర్చోండి. షోరూమ్ గిటార్లు చాలావరకు శ్రుతి తప్పి ఉంటాయి, "అన్నా, ఒకసారి ట్యూన్ చేసి ఇస్తారా" అని మొహమాటం లేకుండా అడగండి. ఒక్కో గిటార్‌కీ పావుగంటైనా ఇవ్వండి, మొదటి రెండు నిమిషాల్లో ఏ నెక్కైనా బాగానే ఉన్నట్టు ఉంటుంది.

ముందు సి కార్డ్ పట్టండి. ఉంగరపువేలు ఐదో తీగ మూడో ఫ్రెట్, నడిమివేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్, చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్. ఇప్పుడు ఐదో తీగ నుంచి కిందికి ఒక్కొక్కటే మీటండి. మూడో తీగ, మొదటి తీగ ఖాళీగా మోగాలి. మొదటి తీగ టక్ మని ఆగిపోతే చూపుడువేలి కడుపు దానికి తగులుతోందన్నమాట. వేలిని ఇంకాస్త నిటారుగా నిలబెట్టి, ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా జరిపి మళ్ళీ మీటండి. అలా సర్దుకున్నా మూగగానే ఉంటే సందు మీకు చాలట్లేదు.

తర్వాత ఎ మేజర్. రెండో ఫ్రెట్‌లో నాలుగు, మూడు, రెండు తీగల మీద మూడు వేళ్ళూ పక్కపక్కనే ఇరుక్కోవాలి. లావు కొనలున్నవాళ్ళకి ఇరుకు అంటే ఏమిటో ఈ కార్డ్ చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు. మూడో వేలు ఫ్రెట్ కమ్మీకి బాగా వెనక్కి పోయి బర్రుమంటుందా, మొదటి తీగని తాకుతోందా చూడండి.

ఈ రెండూ ఇరుకుని పట్టిస్తాయి. వెడల్పు ఎక్కువైందేమో పట్టించేవి జి, ఎఫ్. జి మేజర్‌లో వేళ్ళు ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా చాచుకోవాలి. చిటికెనవేలు మొదటి తీగని అందుకునేసరికి ఆరో తీగ మీది వేలు వాలిపోయి ఐదో తీగని మూసేస్తోందంటే ఆ నెక్ మీకు వెడల్పు. ఎఫ్ బార్ పట్టి పది సెకన్లు ఉంచి వదలండి. ఇలా నాలుగైదు సార్లు చేశాక నొప్పి ఎక్కడుందో గమనించండి. వేలి కొనల్లో మంట సహజం, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడి అదే పోతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టులో పోటు వస్తే దాన్ని పట్టించుకోండి, అది వెడల్పు వల్లో మందం వల్లో కావొచ్చు.

5. తప్పు నిజంగా వెడల్పుదేనా?

ఇంట్లో ఇప్పటికే గిటార్ ఉండి కష్టపడుతున్నవాళ్ళు ఈ పరీక్ష చేయకుండా కొత్తది కొనొద్దు. కావాల్సింది ఒక కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్పు), అంతే.

నెక్ బాడీ వైపు వెళ్ళేకొద్దీ వెడల్పు అవుతుంది. నట్ దగ్గర 43 ఉన్నది పన్నెండో ఫ్రెట్ దగ్గర 54 దాకా పెరుగుతుంది. ఆ లెక్కన రెండో ఫ్రెట్ దగ్గర దాదాపు 45 మి.మీ. ఉంటుంది. అంటే రెండో ఫ్రెట్‌కి కేపో బిగించి సి, ఎ వాయిస్తే మీ చేతికింద ఉన్నది ఇంచుమించు 44.5 నెక్. పైసా ఖర్చు లేకుండా వెడల్పు నెక్ ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

కేపో పెట్టగానే ఇంతకుముందు మూసుకుపోయిన తీగ శుభ్రంగా మోగితే మీకు వెడల్పు కావాలి. సందుల సంగతి అలాగే ఉండి, నొక్కడం మాత్రం ఒక్కసారిగా తేలికైపోతే దోషం నట్ ఎత్తుది. గాడులు లోతు చాలక తీగలు మొదటి ఫ్రెట్ దగ్గర ఎత్తులో నిలబడతాయి, ఎఫ్ అందుకే చంపుతుంది. దీన్ని రూఢి చేసుకోవడానికి కేపో తీసేసి ఆరో తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ కమ్మీకీ తీగకీ మధ్య చూడండి. కాగితం దూరేంత సందుంటే సరే. కమ్మీకీ తీగకీ మధ్య వెలుతురు బాగా కనిపిస్తోందంటే నట్ ఎత్తుగా ఉంది. పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ ఎత్తు కూడా కొలవండి, 2.5 మి.మీ. దాటితే యాక్షన్ (ఫ్రెట్ల పైన తీగ ఎత్తు) ఎక్కువ. ఈ రెండూ గిటార్ సెటప్ చేసేవాళ్ళు సరిచేసే పనులే, కొత్త గిటార్ ధరలో కొద్ది భాగంతో అయిపోతుంది.

ఎండాకాలం గాలి పొడిగా ఉండే హైదరాబాద్ లాంటి ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. ఫ్రెట్‌బోర్డు చెక్క తేమ కోల్పోయి కాస్త కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు కుంచించుకుపోవు. వాటి కొనలు అంచుల్లో బయటికి పొడుచుకొచ్చి చేతికి గీరుకుంటాయి. "ఈ నెక్ చేతికి నప్పట్లేదు" అనిపించే గిటార్ల మీద ఒకసారి వేలు పైనుంచి కిందికి రాసి చూడండి. గరుకు తగిలితే ఆ కొనలు అరగదీయించుకుంటే సరిపోతుంది.

6. మందాన్ని మరిచిపోవద్దు

వెడల్పు ఒకటే ఉన్న రెండు నెక్‌లు చేతికి పూర్తిగా వేరుగా ఉండొచ్చు. వెనకవైపు గుండ్రంగా ఉన్నదాన్ని సి ఆకారం అంటారు, భుజాలు నిండుగా ఉంటే డి, మధ్యలో వెన్ను తేలి ఉంటే వి. 44.5 వెడల్పున్న పల్చటి నెక్, 43 ఉన్న మందపాటి నెక్ కంటే చిన్నగా అనిపించడం మామూలే. అంకె చూసి భయపడకుండా చేత్తో పట్టుకునే నిర్ణయించుకోండి.

7. పిల్లలకైతే

పదేళ్ళలోపు పిల్లలకి వెడల్పు కంటే స్కేల్ పొడవు ముఖ్యం, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ (శాడిల్) దాకా తీగ పొడవు. పెద్ద గిటార్ 650 మి.మీ. ఉంటే యమహా జెఆర్ సిరీస్‌లో అది 540. ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి చిన్న వేళ్ళకి అందుతాయి. నైలాన్ తీగలు మెత్తన అని పెద్దసైజు క్లాసికల్ గిటార్ కొని ఇస్తారు చాలామంది. తీగ మెత్తగానే ఉంటుంది కానీ 52 మి.మీ. నెక్ మీద ఆ చిన్న చెయ్యి జి కార్డ్ అందుకోలేక అలిసిపోతుంది. ముప్పావు సైజు నైలాన్ గిటార్ దొరుకుతుంది, అది అడగండి.

8. ఆన్‌లైన్‌లో కొంటుంటే

38 అంగుళాలు, 39 అంగుళాలు, 41 అంగుళాలు అని పెద్ద అక్షరాలతో రాసేది గిటార్ మొత్తం పొడవు. దాన్నిబట్టి నెక్ సంగతి ఏమీ తెలియదు. వివరాల్లో నట్ వెడల్పు వెతకండి. రాయకపోతే కంపెనీ సైట్‌లో అదే మోడల్ నంబరుతో చూడండి, అమ్మేవాళ్ళని ప్రశ్నల చోట అడగండి. అప్పటికీ అంకె దొరకని గిటార్ కొనకండి. వాపసు తీసుకునే గడువు ఎన్ని రోజులో కూడా ముందే చూసుకుని, పెట్టె విప్పిన రోజే పైన చెప్పిన నాలుగు కార్డ్స్‌తో పరీక్ష పూర్తిచేయండి.

9. ఉన్న గిటారే కాస్త ఇరుకైతే

తేడా కొద్దిగానే ఉంటే, గాడులు కాస్త ఎడంగా కోసిన కొత్త నట్ వేయించుకోవచ్చు. నెక్ అంతే ఉన్నా తీగల మధ్య కొంచెం చోటు పెరుగుతుంది. అయితే చివరి తీగలు అంచుకి మరీ దగ్గరైతే జారిపోతాయి కాబట్టి ఎంత జరపొచ్చో పని చేసేవాళ్ళతోనే కొలిపించి నిర్ణయించుకోండి. దాంతోపాటు 12-53 తీగల సెట్ (ఈ అంకెలు తీగల మందానివి) తీసేసి, సన్నవైన 11-52 గానీ 10-47 గానీ వేసి చూడండి. తక్కువ బలంతో నొక్కితే వేలి కొన తక్కువ పరుచుకుంటుంది, పక్క తీగకి తగలడం తగ్గుతుంది. క్లాసికల్ గిటార్ ఉన్నవాళ్ళు మాత్రం స్టీలు తీగల ఆలోచనే పెట్టుకోవద్దు. ఆ లాగుడికి బ్రిడ్జ్ ఊడిపోవచ్చు, నెక్ వంగిపోవచ్చు.