ఎత్తు బండి టాపు కడగడం, వ్యాక్స్ పెట్టడం: మూడో పాఠం

ట్రావెలర్, స్కూలు బస్సు, ఎత్తు టాపున్న వ్యాను, ఏదైనా సరే, వాన వెలిసిన మర్నాడు చూడండి. కిటికీ అద్దాల మీదుగా నల్లటి చారలు కిందికి దిగి ఉంటాయి. పక్క రేకులు ఎంత శుభ్రంగా తుడిచినా మళ్లీ వానకు అవే చారలు, అవే చోట్ల. మురికి టాపు మీద పేరుకుని ఉండి, వాననీటితో కలిసి అంచు దగ్గరి గాడి దాటి కిందికి కారుతోంది. వాటర్ సర్వీసింగులో పైకి రెండు నిమిషాలు పైపు పెట్టినంత మాత్రాన ఆ మురికి పోదు. వదులుగా ఉన్న దుమ్ము పోతుంది, రంగును పట్టుకున్నది అక్కడే ఉంటుంది. అందుకే పక్కల జోలికి వెళ్లకముందే ఈ పాఠం మొత్తం టాపుకే కేటాయిస్తున్నాం. నీళ్లు, షాంపూ, గుడ్డల సంగతులు మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి కాబట్టి ఇక్కడ కొలతలు మాత్రమే చెబుతాం.

ముందు టాపు పరిస్థితి తెలుసుకోవాలి. బండి మొత్తంలో ఎండ నిట్టనిలువుగా పడేది టాపు మీదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెయింటులో రంగును పట్టి ఉంచే జిగురు, అంటే రెజిన్, విరిగిపోతుంది. దాన్ని అంటుకుని ఉన్న రంగు పొడి వదులవుతుంది. దీన్నే రంగు సుద్దబారడం అంటారు. అరచేయంత చోటు కడిగి, ఆరాక, పొడి నల్లగుడ్డతో నాలుగుసార్లు రుద్దండి. గుడ్డకు పొడి అంటితే సుద్దబారినట్టే. పొడిగుడ్డకు ఏమీ అంటకుండా, పాలిష్ వేసి రుద్దినప్పుడే రంగు వస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. అది పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పూత, లేని పెయింటు. ట్రావెల్స్ బండ్లకు, బస్సులకు ఇలాంటి పెయింటే ఎక్కువ. క్లియర్ కోటు ఉన్న బండికి పాలిష్ పెట్టినా గుడ్డకు రంగు రాదు.

మన దగ్గర టాపు మీద చేరే మురికి కూడా ఒక్క రకం కాదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం వైపు తిరిగే బండ్ల మీద థర్మల్ కేంద్రం బూడిద పడుతుంది. ఆ బూడిదలో గాజులాంటి సన్నని సిలికా రేణువులు ఉంటాయి. పొడిగా తుడిస్తే గీతలు పడేది వీటివల్లే. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఆగే బండ్ల మీద సీజన్లో ఎర్రదుమ్ము, కాయల పొట్టు చేరి గాడిని పూడ్చేస్తాయి. కానుగ చెట్ల కింద నిలిపితే ఆకుల మీది పురుగులు వదిలే జిగట పడుతుంది. దాని మీద దుమ్ము పడి మచ్చ గట్టిపడుతుంది. ఇవేవీ పొడిగుడ్డతో పోవు. కడగని టాపుకు పొడిగుడ్డ తగలకూడదు.

నిలబడే చోటు

ఈ పనిలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు టేపు పట్టి బండి ఎత్తు కొలవండి. అందులోంచి 110 సెం.మీ. తీసేస్తే మీరు నిలబడాల్సిన బల్ల ఎత్తు వస్తుంది. బండి 2.6 మీటర్లుంటే బల్ల 1.5 మీటర్లు. అప్పుడు టాపు అంచు మీ నడుముకూ ఛాతీకీ మధ్య వస్తుంది. అంతకంటే తక్కువ ఎత్తులో నిలబడితే భుజం పైకి చేతులెత్తి పని చేయాలి. మురికినీళ్లు మోచేతుల మీదుగా చంకల్లోకి దిగుతాయి, నొక్కడానికి బలం ఉండదు, అన్నిటికీ మించి టాపు కనిపించదు. కనిపించని చోట ఏం కడిగారో, ఏం వదిలేశారో తెలియదు.

నిచ్చెన ఒక్కటే సరిపోదు. నిచ్చెన మీద ఒక చేయి ఎప్పుడూ పట్టుకోవడానికే పోతుంది. పైగా దాన్ని టాపు అంచు గాడికి ఆనిస్తే గాడి సొట్టపోతుంది, అతుకుల్లోకి నీళ్లు దిగకుండా అక్కడ పూసిన సీలెంటు చిట్లుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో కొలత ఇచ్చి చక్రాల బల్ల చేయించుకోవచ్చు. పొడవు 1.8 మీటర్లు, వెడల్పు 60 సెం.మీ., 40 మి.మీ. యాంగిల్ ఐరన్‌తో చట్రం, పైన జారకుండా గళ్ల రేకు. మనిషి నిలబడే వెనక వైపునా రెండు కొసలకూ మీటరు ఎత్తు రెయిలింగ్ ఉండాలి. నాలుగు చక్రాలకూ లాకు తప్పనిసరి. మనిషి పైన ఉండగా బల్లను నెట్టకూడదు, ఒక్క అడుగైనా సరే. దిగి, జరిపి, లాకులు వేసి, ఎక్కండి.

టాపు మీదికి ఎక్కి కడగడం మాత్రం వద్దేవద్దు. అడ్డపట్టీల మధ్య రేకు పలచన, కాలు పడితే లొత్తబోతుంది. తొక్కినప్పుడు రేకు కుంగి మళ్లీ లేస్తుంటే అతుకుల్లోని సీలెంటు పగుళ్లిస్తుంది. ఆ పగులు కంటికి కనిపించదు. జూలైలో వాన పడ్డప్పుడు లోపల సీలింగు తడిసి తెలుస్తుంది. ఇక షాంపూ తడి మీద చెప్పులు జారితే కింద సిమెంటు నేలే. బండి వెనక ఉన్న నిచ్చెన, పైన ఉన్న క్యారియర్ సామాను కోసం ఉన్నవి, తడిలో నిలబడి పని చేయడానికి కాదు.

మొదలుపెట్టే ముందు తలెత్తి చూడండి. మన వీధుల్లో స్తంభం నుంచి ఇంటికి లాగిన కరెంటు తీగలు చాలాచోట్ల బాగా కిందికి వేలాడుతుంటాయి. అల్యూమినియం కర్ర, తడి చేతులు, ఎత్తు బల్ల, ఈ మూడూ ఆ తీగల దగ్గర కలవకూడదు. తీగలు లేని ఖాళీ చోటికి బండి తీసుకెళ్లండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి, వెనక చక్రానికి చెక్క అడ్డం పెట్టండి, ఇంజను, ఏసీ ఆపేయండి. షాంపూ నీళ్లు వీధి కాలువలో పడి బందరు కాలువకో ఏలూరు కాలువకో చేరకుండా ఇంకే మట్టినేల దొరికితే మరీ మంచిది.

కడగడం

రేకు చల్లగా ఉండాలి. అరచేయి వెనక వైపు రేకు మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆనించగలిగితే చల్లగా ఉన్నట్టు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఉదయం 5:30 నుంచి 7:30 వరకే ఆ అవకాశం. రోహిణి కార్తెలో సాయంత్రం 6 దాటినా రేకు వేడి దిగదు. వేడి రేకు మీద షాంపూ అక్కడికక్కడే ఎండి తెల్లని చారలు కడుతుంది. వాటిని మళ్లీ కడగడం మొదటిసారి కడగడం కంటే కష్టం.

మొట్టమొదటి పని గాడి. పొడిగా ఉండగానే పాత పెయింటు బ్రష్షుతో వేపాకు, మట్టి, పొట్టు అన్నీ ఊడ్చి చేత్తో తీసేయండి. గాడి కొసల దగ్గర నీళ్లు దిగే దారి పూడిపోయి ఉంటే సన్నని ప్లాస్టిక్ పుల్లతో తెరవండి. ఇనుప తీగ పెడితే రంగు గీసుకుపోయి తుప్పు మొదలవుతుంది. ముందు నీళ్లు కొడితే ఈ చెత్తంతా ముద్దై దారిని ఇంకా బిగిస్తుంది.

తర్వాత నీళ్లు. ప్రెషర్ వాషర్ అయితే 40 డిగ్రీల నాజిల్, రేకుకు కనీసం 40 సెం.మీ. దూరం, ధార ఎప్పుడూ నడిమధ్య నుంచి అంచుకు. అంచు నుంచి లోపలికి కొడితే నీళ్లు అతుకుల కిందికి, హ్యాచ్ (టాపు మీద తెరుచుకునే మూత) రబ్బరు కిందికి దూరతాయి. పైన ఏసీ ఉంటే దాని మీదికి ప్రెషర్ ధార పోనివ్వకండి. లోపలి రెక్కలు కాగితం మందం అల్యూమినియం, ధార తగిలితే వంగిపోయి గాలి ఆడదు, ఏసీ చల్లదనం పడిపోతుంది. ఏసీ దుమ్ముకు మామూలు పైపు నీళ్లు చాలు.

10 లీటర్ల నీటిలో 50 మి.లీ. షాంపూ కలిపి స్ప్రేయర్‌తో టాపంతా తడిపి ఐదు నిమిషాలు నాననివ్వండి. ఆరిపోతుందనిపిస్తే ఇంకోసారి తడపండి. పిట్ట రెట్టల మీద తడిగుడ్డ పరిచి పది నిమిషాలు ఉంచండి. గోటితో గీరితే రెట్టలోని గింజలు, ఇసుక రంగును చీరేస్తాయి. కానుగ జిగటకు ఆసుపత్రుల్లో వాడే స్పిరిట్ దూదికి పట్టించి అర నిమిషం ఆనించి తుడవండి. పాత ఎనామిల్ పెయింటును స్పిరిట్ మెత్తబరుస్తుంది, కాబట్టి ముందు మూలన చిన్న చుక్కతో చూసుకోండి.

రుద్దడానికి 75 సెం.మీ. పొట్టి కర్రకు మైక్రోఫైబర్ తొడుగు బిగించండి. మీ చేయి 60 సెం.మీ. దాకా వెళ్తుంది. దానికి కర్ర తోడైతే 2 మీటర్ల వెడల్పు టాపు మధ్యగీత దాటి ఇంకో 15 సెం.మీ. సులువుగా అందుతుంది. అంటే రెండు వైపుల నుంచీ చేస్తే మధ్యలో వదిలేసిన పట్టీ ఉండదు. నేల మీద నిలబడి మూడు మీటర్ల కర్రతో కడిగిన బండ్లన్నిటికీ సరిగ్గా ఆ మధ్యపట్టీయే మురికిగా మిగులుతుంది. మధ్య నుంచి మీ వైపుకు లాగండి, గుండ్రంగా తిప్పకండి. మీటరు చదరం అయ్యాక తొడుగును మంచినీళ్ల బకెట్లో పిండి, తర్వాతే షాంపూ బకెట్లో ముంచండి. మంచినీళ్ల బకెట్ అడుగు కనిపించకపోతే నీళ్లు మార్చే సమయమైంది. టాపుకు రెండుసార్లు మార్చాల్సి వస్తుంది, బూడిద పడ్డ బండికి నాలుగుసార్లు.

కడిగిన నీళ్లు బోరువైతే ఒక పని మిగిలింది. ఆ నీళ్లలోని సున్నం ఎండితే తెల్లని వలయాలు కడుతుంది. టాపు మీద ఎండ ఎక్కువ కాబట్టి అవి త్వరగా ముదిరిపోతాయి. 20 లీటర్ల ఆర్వో క్యాను నుంచి 6 లీటర్లు స్ప్రేయర్లో పోసి ఆఖరి కడుగు దాంతో కడగండి. వెంటనే నేల తుడిచే బల్లపరుపు మాప్‌కు కొత్త మైక్రోఫైబర్ తొడుగు వేసి ఆరబెట్టండి. ఇల్లు తుడిచిన తొడుగు వాడకండి, అందులో ఇసుక ఉంటుంది.

వ్యాక్స్

సుద్ద మీద వ్యాక్స్ నిలవదు. వదులైన పొడికి అంటుకుని, ఆ పొడితోపాటే మొదటి వానకు కొట్టుకుపోతుంది. నల్లగుడ్డ పరీక్షలో పొడి వచ్చిన టాపుకు ముందు సన్నరకం పాలిష్ పెట్టండి. 45 సెం.మీ. చదరానికి నాలుగు చుక్కలు, ఫోము ప్యాడ్, ఓ మోస్తరు ఒత్తిడి. ఇది కర్రతో కుదరదు, చేయి ఆనాలి. అందుకే బల్ల ఎత్తు గురించి అంతగా చెప్పాం. రంగు కింద ఉండే బూడిదరంగు పూత, ప్రైమర్, కనిపిస్తే ఆ చోట ఆపేయండి. మూడుసార్లు పెట్టినా పొడి వస్తూనే ఉంటే పెయింటు చచ్చిపోయినట్టు, ఇక అది పెయింటు షెడ్డు పని.

టాపుకు కార్నాబా వ్యాక్స్ కంటే సింథటిక్ సీలెంట్ మేలని మా అభిప్రాయం. ఇది అతుకుల్లో పూసే సీలెంటు కాదు, వ్యాక్స్‌లాగే రంగు మీద పూసే రసాయన పూత. కార్నాబా బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం. మెరుపు బాగుంటుంది, కానీ మన వేసవి టాపు మీద కొన్ని వారాలే. సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది. ఎవరి కంటికీ కనిపించని చోట మెరుపు కంటే మన్నికే ముఖ్యం.

ద్రవ సీలెంట్ అయితే 9 చదరపు మీటర్ల టాపుకు 25 నుంచి 30 మి.లీ. చాలు. మొదట బండి ముందు అద్దం మీద గుడ్డ కప్పండి. వ్యాక్స్ కారి అద్దానికి అంటితే వైపర్లు గీరుకుంటాయి, రాత్రి ఎదుటి లైట్లకు అద్దం మసకబారుతుంది. నల్లటి ప్లాస్టిక్ అంచులకు, రబ్బరు బీడింగుకు మాస్కింగ్ టేపు అంటించండి. గరుకు ప్లాస్టిక్‌లో ఇరుక్కున్న తెల్లటి వ్యాక్స్ తీయడం నరకం. వెనక నిచ్చెన మెట్లకు, క్యారియర్ మీద కాలు పెట్టే పట్టీలకు వ్యాక్స్ అసలు తగలకూడదు. సామాను ఎక్కించే కుర్రాడు జారిపడతాడు.

మాప్ తొడుగుకు 5 మి.లీ. చొప్పున వేసి, మధ్య నుంచి అంచుకు, మీటరు మీటరుగా పలచగా పూయండి. మందంగా పూస్తే బలం పెరగదు, తుడవడమే కష్టమవుతుంది. 10 నుంచి 15 నిమిషాలకు పొగమంచులా తెల్లబడుతుంది. వేలితో గీస్తే గీత శుభ్రంగా పడితే సిద్ధం, జిడ్డుగా సాగితే ఇంకాస్త ఆగాలి. కృష్ణ ఒడ్డున తేమ ఎక్కువున్న రోజు ఇరవై నిమిషాలైనా పట్టొచ్చు. వేరే పొడి తొడుగుతో తుడిచి, తొడుగు తిరగేసి ఇంకోసారి తుడవండి. మరో పన్నెండు గంటలు వాన, మంచు తగలకుండా షెడ్డులో ఉంచండి.

పాలిష్ అవసరం లేని టాపుకు, బల్ల కుదరని వాళ్లకు తడి మీద చల్లే స్ప్రే సీలెంట్ ఉంది. ఆఖరి కడుగు తర్వాత తడి రేకు మీదే చల్లి, అర నిమిషంలో గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయాలి. ఒత్తిడి అక్కర్లేదు, సాగే కర్ర చివర నాజిల్ కట్టినా సరిపోతుంది. ఆలస్యం చేస్తే చారలుగా ఎండిపోతుంది, కాబట్టి సగం టాపు చొప్పున చేయండి. మన్నిక తక్కువ, ప్రతి నెలా మళ్లీ చల్లాలి.

వ్యాక్స్ పెట్టిన టాపు మీద నీళ్లు పూసలుగా నిలుస్తాయి. పక్క రేకుల మీది పూసలు జారిపోతాయి, టాపు మీదివి జారవు, అక్కడే ఎండుతాయి. అందుకే వ్యాక్స్ ఉన్నా ప్రతి కడుగు తర్వాత ఆరబెట్టడం మానకూడదు. చెంబెడు నీళ్లు పోసినప్పుడు పూసలు కట్టకుండా పరుచుకుంటే మళ్లీ వ్యాక్స్ పెట్టే వేళయింది. మే మూడో వారంలో, వానలకు ముందు ఒకసారి, నవంబరు వానలు వెళ్లాక ఇంకోసారి పెట్టుకుంటే మన వాతావరణానికి సరిపోతుంది.

అభ్యాసం: ఈసారి టాపు మొత్తం కడిగి, డ్రైవరు వైపు సగానికే వ్యాక్స్ పెట్టండి. ఒక వాన పడ్డాక రెండు వైపుల కిటికీల కింద చారలు లెక్కపెట్టి రాసుకోండి. పక్క రేకుల మీద నాలుగో పాఠం ఆ లెక్కతోనే మొదలవుతుంది. మిగిలిన సగానికి అప్పుడే వ్యాక్స్ పెట్టేయొచ్చు.